విజయవాడ జంక్షన్: ప్రయాణికుల్లో ఉన్న అపోహలు, పట్టాలు చెప్పే వాస్తవాలు

విజయవాడ స్టేషన్ ట్రాఫిక్ విభాగంలో పనిచేసిన కాలంలో ఈ స్టేషన్ గురించి ప్రయాణికుల నోట విన్న అపోహలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని చరిత్రకు సంబంధించినవి, మరికొన్ని అక్కడ రోజూ జరిగే పనికి సంబంధించినవి. కృష్ణ మీది వంతెనను, దాని వైపుగా సాగే లైన్లను ఒకసారి మనసులో ఉంచుకుంటే దాదాపు అన్నింటికీ సమాధానం దొరుకుతుంది.

అపోహ: కాజీపేట మీదుగా వచ్చిన విశాఖ బండి విజయవాడ దాటగానే వచ్చిన దారినే వెనక్కి పోతోంది.

అన్నింటికంటే ఎక్కువసార్లు నేను సమాధానం చెప్పింది ఈ సందేహానికే. రాత్రి నిద్రలోంచి లేచిన పెద్దాయన ఒకరు, బండి ఎదురు దిశలో కదలడం చూసి సంచి భుజాన వేసుకుని తలుపు దాకా వచ్చేశారు. ఆయన పొరబడటంలో తప్పులేదు, ఎందుకంటే బండి నిజంగానే వచ్చిన కొస నుంచే బయలుదేరుతుంది. కాజీపేట నుంచి కొండపల్లి, రాయనపాడు మీదుగా వచ్చే లైను, విశాఖ నుంచి గన్నవరం, గుణదల మీదుగా వచ్చే లైను రెండూ స్టేషన్‌లోకి ఒకే కొస నుంచి ప్రవేశిస్తాయి. రెండో కొస కృష్ణ వంతెన మీదుగా తెనాలి, గుంటూరు వైపు పోతుంది. అందువల్ల ఢిల్లీ నుంచి గానీ హౌరా నుంచి గానీ చెన్నై వెళ్లే బండి నేరుగా ముందుకు సాగిపోతుంది, కాజీపేట నుంచి విశాఖ వెళ్లే బండికి మాత్రం ఇంజన్ బండి వెనుక కొసకు రావలసిందే. పాత ఇంజన్ కపలింగ్ విప్పాలి, ఇటు కొసన ఇంజన్ తగిలించాలి, బ్రేకు గొట్టాలు కలిపి చివరి బోగీ దాకా గాలి ఒత్తిడి అందుతున్నదో లేదో పరీక్షించాలి, చివరి బోగీ గుర్తుగా ఉండే ఎల్.వి. పలకను, ఎర్ర దీపాన్ని ఇటు కొస నుంచి తీసి అటు కొసకు మార్చాలి. ఇందులో ఏ ఒక్క పని మిగిలిపోయినా బండి కదలకూడదు. వందే భారత్ వంటి బండికి రెండు కొసలా డ్రైవర్ గది ఉంటుంది కనుక అక్కడ మారేది సిబ్బంది స్థానమే. గుంటూరు, నడికుడి మీదుగా హైదరాబాదు వెళ్లే బండ్లకు ఈ అవసరమే రాదు.

అపోహ: ఈ స్టేషన్‌ను ఆంగ్లేయుల కంపెనీ ఒకటి ఒక్కసారిగా కట్టింది.

బెజవాడకు పట్టాలు మూడు దిక్కుల నుంచి, మూడు వేర్వేరు యాజమాన్యాల కింద వచ్చాయి. పడమటి నుంచి, గుంతకల్లు, గుంటూరు మీదుగా సదరన్ మరాఠా రైల్వే వారి మీటర్ గేజి (పట్టాల మధ్య ఒక మీటరు ఎడం ఉండే) లైను 1880ల చివరిలో కృష్ణ దాకా చేరింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చిన తన బ్రాడ్ గేజి (అంతకంటే వెడల్పైన పట్టాల) లైనును 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు పొడిగించింది. దారిలో డోర్నకల్ దగ్గర సింగరేణి బొగ్గుకు శాఖ పడింది. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893 నుంచి 1896 లోపు బెజవాడ నుంచి కటక్ దాకా లైను తెరిచింది. అంటే ఈ జంక్షన్‌లో బ్రిటిష్ ప్రభుత్వ సొమ్ము ఎంత ఉందో, నిజాం ఖజానా వడ్డీ హామీ ఇచ్చి నిలబెట్టిన సొమ్మూ అంత ముఖ్యంగా ఉంది. ఈ సంగతిని మన జిల్లాల్లో తగినంతగా గుర్తుంచుకోవడం లేదని నా అభిప్రాయం.

ఈ లైన్లన్నీ ఇక్కడికే రావడానికి కారణం నది. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య కృష్ణ ఇరుకవుతుంది. 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట కూడా అక్కడే వచ్చింది, దాని కాలువల మీద పడవల రాకపోకలు రైలు కంటే ముప్పై ఏళ్ల ముందే సాగుతున్నాయి. కాబట్టి రైలు రాకముందు బెజవాడ ఒక మారుమూల పల్లె అనే మాట సరికాదు. సరుకు అప్పటికే అక్కడికి వస్తున్నది కనుకనే పట్టాలు కూడా అక్కడికి వచ్చాయి.

అపోహ: 1893లో వంతెన పూర్తికాగానే మద్రాసు నుంచి కలకత్తాకు, ఢిల్లీకి బండ్లు నడిచాయి.

కృష్ణ మీద వంతెన 1893లో వచ్చిన మాట నిజమే కానీ, బెజవాడ నుంచి మద్రాసు వైపు బ్రాడ్ గేజి లైను 1899లో గానీ పూర్తికాలేదు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో తెరుచుకుంది. అంతవరకు కలకత్తా దారికి గోదావరి అడ్డంగానే ఉంది. ఢిల్లీ దారి ఇంకా ఆలస్యం. కాజీపేట, బల్లార్షా మధ్య లైను పూర్తయిన 1929లోనే మద్రాసు, ఢిల్లీల మధ్య బెజవాడ మీదుగా నేరుగా దారి ఏర్పడింది. విజయవాడను నేటి స్థాయికి తెచ్చింది 1893 కంటే 1929 అని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే అప్పటి నుంచే ఉత్తర దక్షిణ ప్రధాన మార్గం, తూర్పు తీర మార్గం ఒకే వంతెన దగ్గర కలిశాయి.

అపోహ: జంక్షన్ అంటే పెద్ద స్టేషన్.

పరిమాణంతో సంబంధం లేదు. ఒక లైను నుంచి మరో లైను చీలి, కనీసం మూడు దిక్కులకు దారి ఉంటే అది జంక్షన్. వంతెన దాటగానే వచ్చే కృష్ణా కెనాల్ చిన్న స్టేషనే అయినా, గుంటూరు, తెనాలి దారులు అక్కడ విడిపోతాయి కనుక అదీ జంక్షనే.

అపోహ: ప్లాట్‌ఫాంలు ఖాళీగా ఉన్నా బండిని ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఆపడం సిబ్బంది నిర్లక్ష్యం.

పది ప్లాట్‌ఫాంలు ఉన్నంత మాత్రాన పది బండ్లు ఒకేసారి లోపలికి రాలేవు. స్టేషన్ ముఖద్వారం దగ్గర దారులు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. గుణదల వైపు బయలుదేరిన బండి ఆ పాయింట్లను (బండిని ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే చోట్లను) దాటి పూర్తిగా వెళ్లిపోయే దాకా, ఆ దారిని అడ్డంగా కోసే రాయనపాడు బండికి సిగ్నల్ ఇవ్వాలని ఎవరైనా ప్రయత్నించినా, ఢీకొనే దారులకు ఒకేసారి సిగ్నల్ పడకుండా చూసే ఇంటర్‌లాకింగ్ ఏర్పాటు ఒప్పుకోదు. ఆ ఒప్పుకోకపోవడమే ప్రయాణికుడి ప్రాణానికి రక్ష. ఇంజన్ మారే బండి ప్లాట్‌ఫాంను ఎక్కువసేపు పట్టి ఉంచడం దీనికి తోడవుతుంది. స్టేషన్‌లోకి రాకుండానే రాయనపాడు, గుణదల మధ్య సాగే బైపాస్ లైను లేకపోతే గూడ్సు బండ్ల భారం కూడా ఇదే ముఖద్వారం మీద పడేది.

అపోహ: టికెట్టు మీద విజయవాడకు బి.జెడ్.ఎ. అని ఉండటం పొరపాటు.

అది బెజవాడ పేరుకు మిగిలిన గుర్తు. ఊరి పేరు మారినా సంకేతాక్షరాలు మారలేదు. కోకనాడ అనే పాత పేరు కాకినాడ టౌన్ స్టేషన్ సంకేతమైన సి.సి.టి.లో ఇలాగే నిలిచి ఉంది. చార్టుల్లో, వ్యాగన్ల లెక్కల్లో, కంట్రోల్ ఫోన్లలో దేశమంతటా సిబ్బంది వాడే అక్షరాలివి. 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా, 1951లో దక్షిణ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే అంటూ యాజమాన్యాలు మారుతూ వచ్చినా, ఈ మూడక్షరాల దగ్గర మాత్రం బెజవాడ బెజవాడగానే ఉండిపోయింది.