చుట్టూ నిలబడ్డవాళ్ళ సంగతి

"సరదాకే అన్నాం సార్." క్లాసులో ఎవరినో ఏడిపించి దొరికిపోయిన ప్రతి పిల్లవాడి నోటా ఇదే మాట. నిజంగానే సరదానా అని తేల్చడానికి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ మూడు సంగతులు చూడమన్నాడు. నొప్పించాలనే చేశారా? మళ్ళీ మళ్ళీ చేస్తున్నారా? ఎదురు తిరిగే బలం అవతలివాడికి ఉందా? నా లెక్కలో మూడోదే అసలైనది. ఇద్దరూ సమఉజ్జీలైతే అది తగవు. తిరిగి ఒక్క మాట అనలేనివాణ్ణి రోజూ 'బండోడా' అంటుంటే, వాడు పైకి నవ్వినా సరే, అది వేధింపే.

ఇలాంటి చోట మన చూపంతా ఏడిపించేవాడి మీద, ఏడ్చేవాడి మీద ఉంటుంది. కెనడాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు డెబ్రా పెప్లర్, వెండీ క్రేగ్‌ల బృందం మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళను లెక్కపెట్టింది. టొరంటో బడుల ఆటస్థలాల్లో, పిల్లలకు చిన్న మైకులు తగిలించి దూరం నుంచి వీడియో తీశారు. 2001లో వెలువడిన ఫలితాల్లో 306 సంఘటనలున్నాయి. నూటికి 88 సార్లు తోటిపిల్లలు అక్కడే ఉన్నారు. ఎవరో ఒకరు అడ్డుపడింది నూటికి 19 సార్లే. కానీ అలా అడ్డుపడినప్పుడు, సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే గొడవ ఆగిపోయింది. పది సెకన్లంటే "ఒరేయ్, వదిలెయ్యరా" అనేంత సేపు!

ఎందుకంత తేలిగ్గా ఆగింది? ఏడిపించేవాడికి కావలసింది ఎదుటివాడి కన్నీళ్ళ కన్నా చుట్టూ ఉన్నవాళ్ళ నవ్వులు. గుంపులో పెద్దరికం వాటితోనే వస్తుంది. ఫిన్లండ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టీనా సాల్మివల్లి పట్టుకున్న కొస ఇదే. చేయి కలిపేవాళ్ళు, నవ్వి ఎగదోసేవాళ్ళు, పక్కకు తప్పుకునేవాళ్ళు, వెనకేసుకొచ్చేవాళ్ళు అని 1996లో ఆమె బృందం పాత్రలను విడదీసి చూపింది. అక్కడి బడుల్లో తర్వాత మొదలైన 'కివా' కార్యక్రమం ఏడిపించేవాణ్ణి నిలదీయడంతో సరిపెట్టకుండా, చూస్తూ నిలబడేవాళ్ళను కదిలించడానికి పూనుకుంది.

మన దగ్గర 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టంలోనూ ఈ ఆలోచన ఛాయ ఉంది. ఫిర్యాదు అందాక కూడా కదలని విద్యాసంస్థ అధిపతిని ఆ నేరానికి తోడ్పడినవాడిగానే అది పరిగణిస్తుంది.

ఆఫీసు వేధింపు ఇంత చప్పుడు చెయ్యదు. మీటింగ్‌కు పిలవరు, వాట్సాప్ గ్రూపులో చేర్చరు, లంచ్‌కు లేచేటప్పుడు ఒక్క కుర్చీ వైపు చూడరు. దీనికి కేసేమిటి అంటారా? 2003లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ మీద బంతి విసురుకునే ఆటలో ఒకరికి బంతి రాకుండా చేసి మెదడును స్కాన్ చేస్తే, ఒంటి నొప్పి బాధపెట్టేటప్పుడు చురుగ్గా ఉండే భాగమే అప్పుడూ చురుకైంది. పాల్గొన్నది 13 మందే, ఆ భాగం వేరే పనులూ చేస్తుంది కాబట్టి రెండు నొప్పులూ ఒకటేనని తేల్చెయ్యలేం. అయినా, ఉత్తుత్తి బంతి అందకపోతేనే మనిషి అంత చిన్నబుచ్చుకున్నాడు.

బాస్‌తో తలపడే ధైర్యం అందరికీ ఉండదు. మీటింగ్‌లో నవ్వులపాలైన మనిషి దగ్గరికెళ్ళి, నలుగురూ చూస్తుండగా "టీకి పోదాం, రండి" అనడానికి మాత్రం అంత ధైర్యం అక్కర్లేదు.