కస్టమ్ ఇన్-ఇయర్ మానిటర్లు: అపోహలు - వాస్తవాలు

"ఒక్కో చెవికి ఎన్ని డ్రైవర్లు?" కస్టమ్ ఇన్-ఇయర్, అంటే మన చెవి అచ్చు తీసి దానికి సరిపోయేలా చేసే ఇయర్‌ఫోన్, కొనాలనుకునేవారు మొదట అడిగేది ఇదే. (డ్రైవర్ అంటే లోపల ధ్వని పుట్టించే బుల్లి స్పీకర్.) "చెవి అచ్చు ఎవరు తీస్తారు, ఎలా తీస్తారు?" అని అడిగేవారు చాలా తక్కువ. కానీ ఖరీదైన సెట్ చాలామందికి నిరాశ మిగిల్చేది ఆ అచ్చు దగ్గరే. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువగా రాస్తున్నాం.

అపోహ: డ్రైవర్లు ఎన్ని ఎక్కువుంటే ధ్వని అంత బాగుంటుంది.

ఎటిమోటిక్ కంపెనీ ఈఆర్-4 ఇయర్‌ఫోన్ 1991లో వచ్చింది. చెవికి ఒక్కటే బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ (అయస్కాంతాల మధ్య సన్నని రేకు కదిలే రకం) డ్రైవర్. ధ్వనిలో స్పష్టత గురించి మాట్లాడేటప్పుడు ఇప్పటికీ దాని పేరు వస్తుంది. ఎనిమిది, పన్నెండు డ్రైవర్లున్న సెట్లలో చాలా వరకు జంటలుగానో, నాలుగేసి చొప్పునో ఒకే పనిని పంచుకుంటాయి. దానివల్ల ఎక్కువ వాల్యూమ్‌లో వక్రీకరణ తగ్గుతుంది, అంతేగానీ పాటలో కొత్త వివరాలు పుట్టుకురావు. పైగా బేస్, మిడ్, ట్రెబుల్‌ను విడదీసే క్రాసోవర్ దగ్గర రెండు డ్రైవర్ల ఫేజ్, అంటే ధ్వని తరంగాల ఎత్తుపల్లాలు, కలవకపోతే, ఆ ఫ్రీక్వెన్సీలో ధ్వని ఒకదాన్నొకటి కొట్టేసుకుని గుంట పడుతుంది. డ్రైవర్లు పెరిగేకొద్దీ ఇలాంటి అతుకులూ పెరుగుతాయి.

లోపలి ట్యూబు పొడవు, దాని వెడల్పు, అందులో కూర్చోబెట్టే డ్యాంపర్ (ధ్వనిని కొంత అడ్డే చిన్న జాలి) కూడా డ్రైవరంత ముఖ్యమే. డ్యాంపర్లను రంగుతో గుర్తుపడతారు. తెల్లది 680 అకూస్టిక్ ఓమ్‌లు (ధ్వనిని ఎంత అడ్డుతుందో చెప్పే కొలత), ఆకుపచ్చది 1500, ఎర్రది 2200. డ్రైవర్ మార్చకుండా తెల్లదాని చోట ఎర్రది పెడితే చాలు, గొంతుల్లో గుచ్చుకునే శిఖరం మెత్తబడుతుంది. కాబట్టి తయారీదారును అడగాల్సింది సంఖ్య కాదు, ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బిగ్గరగా వస్తుందో చూపే, మీ జతకే తీసిన కుడి, ఎడమ గ్రాఫులు. రెండు గీతలూ దాదాపు ఒకదానిమీద ఒకటి పడాలి. మూడు నాలుగు డెసిబెల్స్ తేడా ఉంటే గాయకుడి గొంతు మధ్యలో నిలవదు, ఒక పక్కకు జరుగుతుంది.

అపోహ: అచ్చు అంటే చెవిలో సిలికాన్ పోయడమే, ఎవరైనా తీయొచ్చు.

ఎవరికి వారు ఇంట్లో తీసుకునే పని కాదిది. ఆడియాలజిస్టు ముందు ఓటోస్కోప్‌తో చెవిలోకి చూడాలి. గులిమి ఉంటే తీయించుకున్నాకే అచ్చు. కర్ణభేరికి రంధ్రం ఉన్నా, చెవి కారుతున్నా, ఈమధ్యే చెవి ఆపరేషన్ అయినా వైద్యుడి మాట లేకుండా ముందుకు వెళ్లకూడదు.

తర్వాత దారం కట్టిన స్పాంజి ముక్క, ఓటోబ్లాక్ అంటారు, చెవి నాళంలో రెండో వంపు దాటాక కూర్చోవాలి. కర్ణభేరికి సిలికాన్ తగలకుండా కాపాడేది అదే. అది వంపుకు ముందే ఆగిపోతే అచ్చు పొట్టిగా వస్తుంది. పొట్టి అచ్చుతో చేసిన మానిటర్ సరిగా సీలు కాదు (గాలి చొరకుండా చెవిని మూయదు), ధ్వని ఏ దిక్కుకు వెళ్లాలో కూడా తయారీదారుకు తెలియదు.

రెండు రంగుల సిలికాన్‌ను సమపాళ్లలో, చారలు కనబడనంత వరకు వేగంగా కలిపి సిరంజిలో నింపుతారు. నాళం లోపల మొదలుపెట్టి, సిరంజి మొన సిలికాన్‌లోనే మునిగి ఉండేలా మెల్లగా వెనక్కి రావాలి. మొన బయటికి తేలితే గాలి బుడగ పడుతుంది. నిండాక పైనుంచి వేలితో అదమకూడదు, అదిమితే చెవి మృదువైన భాగం సాగి, ఆ సాగిన ఆకారమే అచ్చవుతుంది. గట్టిపడటానికి సుమారు 5 నిమిషాలు పడుతుంది. బయటికి తీసేటప్పుడు చెవి తమ్మెను కొద్దిగా లాగి ముందు గాలి చొరనివ్వాలి, ఆపైన మెల్లగా తిప్పుతూ తీయాలి. ఒక్క ఊపున లాగితే కర్ణభేరి దగ్గర పీడనం పడి నొప్పి పుడుతుంది.

నోరు తెరవాలా, మూయాలా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఫలితం పెద్దది. దవడ కీలు నాళం ముందు గోడకు ఆనుకునే ఉంటుంది, నోరు తెరిస్తే నాళం వెడల్పవుతుంది. నోరు మూసి తీసిన అచ్చుతో చేయించుకున్న గాయకుడు పై స్థాయికి గొంతెత్తినప్పుడల్లా సీలు విడిపోయి బేస్ మాయమవుతుంది. అందుకే పళ్ల మధ్య సుమారు అంగుళం మందం బైట్ బ్లాక్ పెట్టి తీయమంటారు. ఏ తయారీదారు ఏ పద్ధతి అడిగితే అదే పాటించాలి. వారి షెల్ (చెవిలో కూర్చునే మానిటర్ తొడుగు) లెక్కలన్నీ దానిమీదే ఉంటాయి.

అచ్చు చేతికొచ్చాక వెలుతురులో తిప్పి చూడండి. రెండు వంపులూ, వాటిని దాటాక ఇంకొంచెం పొడవూ కనబడాలి. బుడగలు, ముడతలు, బయటి గిన్నెలాంటి భాగంలో పూడని ఖాళీలు ఉంటే అక్కడే మళ్లీ తీయించుకోండి. మొహమాటపడొద్దు. ఐదు నిమిషాల పనికి బద్ధకిస్తే నెలల తరబడి షెల్ ఇటూ అటూ పంపుకోవాల్సి వస్తుంది. పాత అచ్చు దాచిపెట్టి రెండో సెట్‌కు వాడుకోవాలనే ఆలోచన కూడా మంచిది కాదు. ఒంటి బరువు బాగా మారితే చెవి ఆకారమూ మారుతుంది.

అపోహ: బిగుతుగా ఉంటేనే సీలు బాగుంటుంది.

నొప్పి పుట్టేంత బిగుతు తప్పుడు అచ్చుకు గుర్తు. సీలు చూడాలంటే 50 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి నోరు తెరిచి మూయండి, తల అటూ ఇటూ తిప్పండి. ఏ చెవిలో శబ్దం సన్నబడితే తప్పు ఆ చెవిదే. ఉచితంగా సరిచేసే గడువు చాలాచోట్ల 30 రోజులే ఉంటుంది, అందుకే సెట్ వచ్చిన మొదటి వారంలోనే ఈ పరీక్ష చేయాలి. ఎక్కువైన చోట అరగదీయడం తేలిక, తక్కువైన చోట కలపడం కష్టం.

అపోహ: యూనివర్సల్ డెమో విన్నాను, కస్టమ్ కూడా అచ్చం అలాగే ఉంటుంది.

యూనివర్సల్ అంటే అచ్చు లేకుండా అందరి చెవికీ పట్టేలా చేసిన రకం. బేస్ ఎంత ఉంది, గొంతులు ఎంత ముందుకున్నాయి అన్నవి ఆ డెమోలో తెలుస్తాయి. ట్రెబుల్ మాత్రం నమ్మొద్దు. మానిటర్ మొనకూ కర్ణభేరికీ మధ్య మిగిలిన ఖాళీని బట్టి ట్రెబుల్‌లో ఒక రెసొనెన్స్ శిఖరం (ఆ ఖాళీ వల్ల ఒక ఫ్రీక్వెన్సీ బిగ్గరగా మోగడం) వస్తుంది. లోతుగా వెళ్లే కస్టమ్‌లో అది పై ఫ్రీక్వెన్సీకి జరుగుతుంది. ఐఈసీ 60318-4 కప్లర్ (కొలతలకు వాడే కృత్రిమ చెవి) పై తీసిన గ్రాఫుల్లో 8 కిలోహెర్ట్జ్ దగ్గర కనిపించే శిఖరం కూడా ఇలా పుట్టిందే. మీ చెవిలో అది అక్కడే ఉంటుందని కాదు.

అపోహ: సులభంగా మోగేస్తుంది కాబట్టి ఏ ప్లేయరైనా చాలు.

ఇక్కడ చిన్న లెక్క. బహుళ ఆర్మేచర్ సెట్ల ఇంపిడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే నిరోధం) ఒకే అంకె కాదు, ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది. ఒకచోట 40 ఓమ్‌లు, మరోచోట 8 ఓమ్‌లు అనుకుందాం. ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (ప్లేయర్ సొంత నిరోధం) 10 ఓమ్‌లైతే 40 దగ్గర సుమారు 2 డెసిబెల్స్ పోతాయి, 8 దగ్గర 7 పోతాయి. అంటే తయారీదారు ట్యూనింగ్ 5 డెసిబెల్స్ మేర వంగిపోయింది. అదే 1 ఓమ్ అవుట్‌పుట్ అయితే తేడా ఒక్క డెసిబెల్ కన్నా తక్కువే. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ సెట్ కనిష్ఠ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించని ప్లేయర్ వాడండి. నిశ్శబ్దంలో "స్‌స్" అని వినిపిస్తే ఆ ప్లేయర్ నాయిస్ మీ సెట్ సెన్సిటివిటీకి ఎక్కువన్నమాట.

అపోహ: వెండి కేబుల్‌తో ట్రెబుల్ మెరుస్తుంది.

వెండి నిరోధం రాగికంటే ఆరు శాతం వరకే తక్కువ. మీటరు పొడవులో అది వినబడదు. కేబుల్‌లో చూడాల్సింది మెత్తదనం, చెవి వెనక వంపు, గట్టి జాయింట్లు. 0.78 మిల్లీమీటర్ల రెండు పిన్నుల సాకెట్ షెల్‌లో నిటారుగా కూర్చుందా, పిన్ను లూజుగా ఆడుతోందా చూడండి. వేదిక మీద ముందుగా చెడేది అదే.

అపోహ: కస్టమ్ పెట్టుకుంటే వినికిడికి భయం లేదు.

మంచి సీలు బయటి శబ్దాన్ని సుమారు 25 డెసిబెల్స్ తగ్గిస్తుంది. ఆ మేలు వాల్యూమ్ తగ్గిస్తేనే దక్కుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య భద్రతా సంస్థ ఎన్‌ఐఓఎస్‌హెచ్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు, 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలే హద్దు. వేదికపై ఒక చెవిది తీసేసి పాడే అలవాటు మరీ ప్రమాదం. తీసిన చెవికి వేదిక హోరు నేరుగా తగులుతుంది, ఉన్న చెవిలో దాన్ని మించి వినబడాలని వాల్యూమ్ పెంచేస్తారు.

అపోహ: స్పిరిట్‌తో తుడిస్తే శుభ్రం.

ఆల్కహాల్ తగిలితే అక్రిలిక్ షెల్‌పై సన్నని పగుళ్లు, మసక వస్తాయి. తీసిన వెంటనే పొడి మెత్తని గుడ్డతో తుడిచి, మొన కిందికి వంచి, సెట్‌తో వచ్చిన చిన్న తీగ లూప్‌తో గులిమిని బయటికి లాగండి. లోపలికి నెడితే అది డ్యాంపర్‌కు అంటుకుంటుంది, ఆ చెవిలో ట్రెబుల్ పడిపోతుంది. రాత్రికి సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి.