పిల్లికూనకు ముందు వెచ్చదనం, తర్వాతే పాలు

విశాఖలో వానలు పట్టుకున్నాయంటే ఏదో ఒక వీధిలో పిల్లికూన ఏడుపు వినిపిస్తూనే ఉంటుంది. మెట్ల కింద పాత సామాన్ల చాటున, కరెంటు మీటర్ల గదిలో, పూర్ణా మార్కెట్‌లో ఖాళీ బుట్టల మధ్య, ఫిషింగ్ హార్బర్‌లో మడతపెట్టిన వలల మీద తల్లిపిల్లి ఈనుతుంది. నీళ్లు చేరగానే పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని పొడిచోటికి మారుస్తుంది. ఆ మార్పిడి మధ్యలో ఒంటరిగా మిగిలిన కూన గొంతు చించుకుని అరుస్తుంది. జాలిగుండె ఉన్న మనిషి పరుగున వెళ్లి దాన్ని ఎత్తుకొచ్చి, సాసర్‌లో పాలు పోసి మూతికి అందిస్తాడు. ఆ జాలి చాలా విలువైనది. కానీ ఎత్తుకురావడంలోనూ పాలు పట్టడంలోనూ కొంచెం ఆగగలిగితే ఆ జాలి ఒక ప్రాణాన్ని నిలబెడుతుంది.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లు అంటారు. లెక్క ఏడైనా కాకపోయినా పరిశీలన నిజమే. చోటు మార్చడానికో, తిండి వెతుక్కోవడానికో తల్లి గంటల తరబడి కూనల్ని వదిలి వెళ్తుంది. కూన ఒళ్లు పొడిగా, పొట్ట గుండ్రంగా ఉండి, ముడుచుకుని నిద్రపోతుంటే తల్లి దగ్గర్లోనే తిరుగుతోందని అర్థం. అప్పుడు దూరంగా, తల్లికి కనిపించని చోట నిలబడి కొన్ని గంటలు చూడాలి. మనం పక్కనే కాపలా కూర్చుంటే అది రాదు. మనిషి చెయ్యి తగిలితే తల్లి కూనను వదిలేస్తుందన్న భయం మాత్రం అక్కర్లేదు. ఎక్కువ తల్లులు అలా చెయ్యవు. తడిసి చల్లబడిపోయినా, చీమలు పట్టినా, గాయం కనిపించినా, కాకులు చుట్టుముట్టినా, రోడ్డు పక్కన పడి ఉన్నా ఇంక ఎదురుచూడకూడదు. వెంటనే తీసుకోవాలి.

తీసుకున్నాక మొట్టమొదట వయసు పోల్చుకోవాలి. బొడ్డుదగ్గర ఎండిన పేగు ముక్క వేలాడుతుంటే ఐదారు రోజుల లోపుది. కళ్లు మూసుకుని, చెవులు తలకు అంటుకుని ఉంటే మొదటి వారం. కళ్లు 7 నుంచి 14 రోజుల మధ్య తెరుచుకుంటాయి. అప్పుడవి ఏ కూనకైనా నీలంగానే ఉంటాయి. మూడో వారంలో ముందుపళ్లు చిగురిస్తాయి, తూలుతూ నాలుగడుగులు వేస్తుంది.

శ్రీవైష్ణవంలో మార్జాల కిశోర న్యాయం అనే మాట ఉంది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుని వేలాడుతుంది. పిల్లికూన అలా కాదు, తల్లే దాన్ని నోట కరుచుకుని మోసుకెళ్తుంది, కూన చేసేదేమీ ఉండదు. శరణాగతిని చెప్పడానికి పెద్దలు ఎంచుకున్న ఈ దృష్టాంతం జీవశాస్త్రపరంగా కూడా ఎంత సరైనదో తలుచుకుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. మొదటి మూడు వారాలూ కూన ఒంట్లో జరగాల్సిన పనుల్లో సగం తల్లి ఒంట్లోనే జరుగుతాయి. దాని వేడి తల్లిది, రోగాన్ని తట్టుకునే శక్తి తల్లిది, చివరికి మూత్రం రావడం కూడా తల్లి చేతిలో పనే. కూనను ఇంటికి తెచ్చినవాళ్లు ఆ పనులన్నీ నెత్తికెత్తుకున్నట్టే. అయితే వాటికి ఒక వరుస ఉంది.

ఆ వరుసలో మొదటిది వేడి. ఇక్కడే విశాఖవాళ్లం పొరబడతాం. అట్టపెట్టెలో దుప్పటి పరిచి, పక్కన వేడినీళ్ల సీసా పెడుతుంటే పక్కింటి పిన్నిగారు చూసి, "ఇంత ఉక్కలో దానికి కంబళ్లేంటమ్మా, ఫ్యాన్ కింద పెట్టు పాపం" అంటారు. ఆవిడకు ఉక్కపోస్తోంది కాబట్టి కూనకూ పోస్తుందనుకోవడం సహజం. కానీ పుట్టినప్పుడు కూన బరువు దాదాపు 100 గ్రాములు. ఒళ్లు ఎంత చిన్నదైతే బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం అంత ఎక్కువ, అంటే వేడి అంత తొందరగా జారిపోతుంది. చలేస్తే వణికి వేడి పుట్టించుకోవడం మొదటి వారంలో దానికి చేతకాదు. భుజాల దగ్గర కొంచెం గోధుమరంగు కొవ్వు ఉంటుంది, దాన్ని కరిగించుకుని కాసేపు నెట్టుకొస్తుంది. అదీ అయిపోతే కూన ఒళ్లు గదిలో ఎంత చల్లగా ఉంటే అంత చల్లబడుతుంది. పెద్ద పిల్లి ఒంటివేడి 38 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటుంది. మొదటి వారం కూనకు అది 35 నుంచి 37 మధ్యే ఉంటుంది, 38కి చేరడానికి దాదాపు నెల పడుతుంది. అందుకే మొదటి వారంలో దాని చుట్టూ ఉన్న గాలి 30 నుంచి 32 డిగ్రీల దాకా ఉండాలి. జూన్ మధ్యాహ్నం మన ఇంట్లో ఆ వేడి ఊరికే దొరుకుతుంది. అదే ఇంట్లో ఏసీ 24లో ఉంటేనో, తడి బొచ్చు మీద ఫ్యాన్ గాలి తగిలితేనో, డిసెంబరు తెల్లవారుజామునో కూన ప్రాణం మీదికొస్తుంది. తడి ఆరేటప్పుడు ఒంట్లో వేడిని కూడా లాక్కుపోతుంది కాబట్టి తుడిచి పూర్తిగా ఆరబెట్టడం దుప్పటి కప్పడంకంటే ముందు పని.

ఒంటివేడి 34 డిగ్రీల దగ్గరికి జారితే పేగుల కదలిక ఆగిపోతుంది. పట్టిన పాలు అరగవు, పొట్టలో నిలవుండి పులుస్తాయి. గుండె నెమ్మదిస్తుంది, మింగే శక్తి తగ్గుతుంది, పాలు గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లబడిన కూనకు ప్రేమతో పట్టిన పాలే దాన్ని చంపడం ఇలా జరుగుతుంది. "పాపం, ఆకలితో ఉంది, ముందు రెండు చుక్కలు" అని ఎవరన్నా దయచేసి ఆపండి. కూన నోట్లో శుభ్రమైన వేలి కొస పెట్టి చూడండి. నోరు చల్లగా తగిలితే, వేలిని చీకకపోతే పాలు పట్టే సమయం ఇంకా రాలేదు.

వెచ్చబరచడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. లోతైన అట్టపెట్టె, మెత్తటి పాత బట్టలు, గోరువెచ్చని నీళ్లు నింపి టవల్ చుట్టిన సీసా లేదా హాట్ వాటర్ బ్యాగ్ చాలు. సీసా పెట్టెలో ఒక వైపే ఉండాలి. వేడి ఎక్కువైతే కూన పాక్కుంటూ ఇంకో వైపుకు పోగలగాలి. మే నెలలో మన గదులే 35 దాటతాయి, అప్పుడు సీసా తీసెయ్యాలి. వేడి నెమ్మదిగా ఎక్కాలి. హెయిర్ డ్రయ్యర్ దగ్గర పెట్టి ఊదినా, మరిగే నీళ్ల సీసా తగిలించినా చర్మం కాలుతుంది, పైగా రక్తమంతా చర్మంలోకి చేరి లోపలి అవయవాలకు అందదు. గంటో రెండు గంటలో పడుతుంది. అన్నిటికంటే త్వరగా చేయగలిగింది చొక్కా లోపల ఒంటికి ఆనించి పట్టుకోవడం. తుపాను రాత్రి కరెంటు పోయినా ఆగని వేడి అది.

ఇప్పుడు పాలు. ప్యాకెట్ పాలు కూనలకు పడవు. ఆవుపాలలో 100 గ్రాములకు 3 గ్రాముల పైచిలుకు ప్రొటీన్ ఉంటే, తల్లిపిల్లి పాలలో దానికి రెట్టింపు ఉంటుంది. ఆవుపాలతో సరిపడా బలం అందాలంటే చాలా ఎక్కువ పట్టాలి, దాంతోపాటు పాలలోని చక్కెర లాక్టోజూ ఎక్కువై విరేచనాలు పట్టుకుంటాయి. అంత చిన్న ఒంట్లోంచి నీరు పోతే ఒక పూటలోనే ఆరిపోతుంది. గేదెపాలలో వెన్న ఎక్కువే కానీ ప్రొటీన్ కొరత తీరదు. ఇంకో లోటు టారిన్. ఈ పదార్థాన్ని పిల్లులు తమ ఒంట్లో సరిపడా తయారు చేసుకోలేవు, తిండిలోంచే రావాలి. టారిన్ అందని పిల్లులకు కంటి రెటీనా చెడుతుందని 1975లో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో అమెరికన్ పరిశోధకులు బయటపెట్టారు. ఆవుపాలలో అది చాలా తక్కువ. కాబట్టి పెట్ షాపుల్లో పిల్లికూనల కోసమే అమ్మే పాలపొడి తెచ్చుకోవాలి. చంటిబిడ్డల డబ్బాపాలు దానికి బదులు కావు. పొడి అందేలోపు, కూన వెచ్చబడి మింగగలుగుతుంటే, గ్లూకోజ్ కలిపిన గోరువెచ్చని నీటిచుక్కలు చిగుళ్లకు రాసి డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

పాలు పట్టే భంగిమ గురించి గట్టిగా చెప్పాలి. చంటిబిడ్డలా వెల్లకిలా ఒడిలో పడుకోబెట్టి పట్టకూడదు. తల్లి దగ్గర ఎలా తాగుతుందో అలాగే, పొట్ట కిందికి, తల కొంచెం పైకి ఉండాలి. పాలు మనిషి ఒంటివేడిలో ఉండాలి. సూది తీసేసిన చిన్న సిరంజితోగానీ కూనల పాలసీసాతోగానీ, అది చీకే వేగానికి తగ్గట్టు చుక్కచుక్కగా వదలాలి. 100 గ్రాముల కూన పొట్టలో ఒకసారికి పట్టేది 4 మిల్లీలీటర్లే, అంటే చెంచాకు తక్కువ. అందుకే మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా లేవాలి. రెండో వారం నుంచి మధ్యలో విరామం కొంచెం పెరుగుతుంది. ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి తుడవాలి. తర్వాత ఆయాసం కనిపిస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

సరిపోతున్నాయో లేదో తెలిసేది తూకంతోనే. వంటింట్లో వాడే డిజిటల్ తూకం మిషన్ మీద రోజూ ఒకే వేళకు పెట్టి చూడండి. రోజుకు 10 గ్రాములైనా పెరగాలి, రెండు వారాల్లో పుట్టినప్పటి బరువు రెట్టింపు కావాలి. జబ్బు లక్షణాలు కంటికి కనిపించకముందే తూకం పెరగడం ఆగిపోతుంది. ఒక్కరోజు పెరగకపోయినా కారణం వెతకాలి.

పాలు పట్టిన ప్రతిసారీ చెయ్యాల్సిన పని ఒకటుంది, చాలామందికి తెలియదు. మూడు వారాల లోపు కూన తనంతట తాను మూత్రం, మలం విసర్జించలేదు. తల్లి నాకితే ఆ స్పర్శకు ప్రతిచర్యగా వస్తాయి. తల్లి వాటిని నాకి శుభ్రం చేసేస్తుంది కాబట్టి పక్క పొడిగా ఉంటుంది, వాసన పట్టి శత్రువులు రావు. మనం గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో మూత్రం, మలం వచ్చే చోట మెల్లగా అద్దుతూ రుద్దితే నిమిషంలో పని అవుతుంది. అది చెయ్యకపోతే పొట్ట ఉబ్బి, పాలు బాగానే తాగుతున్న కూన కూడా చచ్చిపోతుంది.

రోగనిరోధకం మాత్రం మనం ఇవ్వగలిగేది కాదు. మనిషి బిడ్డకు మాయ ద్వారానే తల్లి యాంటీబాడీలు దండిగా అందుతాయి. పిల్లి మాయలో పొరలు ఎక్కువ, వాటిని దాటి వచ్చేది బహు తక్కువ. దాదాపు అంతా మొదటి పాలలోనే రావాలి, వాటిని యథాతథంగా పీల్చుకునే శక్తి కూన పేగులకు పుట్టిన 16 గంటల వరకే ఉంటుంది. ఆ జున్నుపాలు తాగిందో లేదో మనకు తెలియదు కనుక తాగలేదనే అనుకోవాలి. ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఇంట్లో పెద్ద పిల్లి ఉంటే వేరే గదిలో ఉంచాలి, టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలుపెట్టాలి. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు కూనల్ని ఒకటి రెండు రోజుల్లోనే తీసుకుపోతుంది, టీకా దానికే ముందు.

బొచ్చులో గెంతే పురుగులు, పెట్ షాపువాళ్లు ఫ్లీస్ అనేవి, రక్తం పీల్చి కూనకు పాండురోగం తెస్తాయి. చిగుళ్లు తెల్లగా పాలిపోతే అదే అనుమానించాలి. కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ మందు మాత్రం పిల్లి దగ్గరికే తేకండి, అది వాటికి విషం. పేల దువ్వెనతో దువ్వి, పురుగుల్ని సబ్బునీళ్లలో వెయ్యండి. పారాసిటమాల్ కూడా అంతే: దాన్ని విరిచి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో సరిగా పనిచేయదు, చిన్న ముక్క చాలు ప్రాణం తీయడానికి. కూన కరిచినా రక్కినా సబ్బుతో ధారగా కారే నీళ్ల కింద 15 నిమిషాలు కడుక్కుని, రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి. పాలు తాగే కూన కదా అని ఊరుకోవద్దు.

కళ్లు తెరుచుకునే వేళ రెప్పలు చీముతో అంటుకుపోతే రోజులు గడపకండి. డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ అనే శాస్త్రవేత్తలు 1960లలో పిల్లికూనల కనురెప్పలు కుట్టి, మొదటి నెలల్లో కంటికి వెలుతురు అందకపోతే మెదడు ఆ కన్నును శాశ్వతంగా పట్టించుకోదని చూపించారు. 1981లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఆ కూనల్ని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది, కానీ చిన్నపిల్లల మెల్లకన్నుకూ పుట్టుశుక్లానికీ ఇవాళ తొందరగా వైద్యం చేయడం వెనక ఆ జ్ఞానమే ఉంది. మనసుకూ అలాంటి గడువే ఉంది. 1980లలో ఐలీన్ కార్ష్ చేసిన పరిశోధనలో రెండు నుంచి ఏడు వారాల మధ్య మనుషుల చేతుల్లో మెలిగిన కూనలే పెద్దయ్యాక మనుషుల్ని నమ్మాయి. అందుకని ఆ వారాల్లో ఇంట్లో అందరూ, రోజూ కాసేపు, మెల్లగా ఎత్తుకోవాలి. తోడుగా ఇంకో కూన ఉంటే మరీ మంచిది. ఎంత గట్టిగా కరిస్తే నొప్పో అవి ఒకదానికొకటి నేర్పుకుంటాయి.

నాలుగో వారంలో పాలలో నానబెట్టిన కూనల తిండి నాకడం మొదలుపెడుతుంది. ట్రేలో మామూలు ఇసుక పోస్తే తానే గోకి కప్పుతుంది. ఇన్ని చేసినా కొన్ని కూనలు దక్కవు. తల్లి దగ్గర ఉన్నవాటిలోనూ కొన్ని పోతాయి, దానికి మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు.

దక్కింది ఆడకూన అయితే నాలుగో నెల నిండేసరికి స్టెరిలైజేషన్ ఆపరేషన్ గురించి డాక్టరుతో మాట్లాడండి. పిల్లి ఎదకు రావడం పగటి నిడివిని బట్టి ఉంటుంది. యూరప్‌లోని చలిదేశాల్లో శీతాకాలపు పొట్టి పగళ్లు దానికి కొన్ని నెలలు విరామమిస్తాయి. విశాఖలో సంవత్సరంలో అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటలు. పైగా వీధిదీపాలు, ఇంట్లో ట్యూబ్‌లైట్లు. ఇక్కడ ఏ నెలలోనైనా ఎదకు రావచ్చు, ఐదో నెలకే చూలు కట్టవచ్చు, తొమ్మిది వారాలకు ఈనవచ్చు.