లైటు మీద పడుతోంది కదా, కనిపిస్తాలే అనుకునేవాళ్లకు

"మా నాయన రెండు దిక్కులా చూసే దాటిండు సార్. బండి లైటు ఆయన మీదనే పడ్డది. అయినా గుద్దిండంటే కావాలని గుద్దినట్టే కదా?"

లైసెన్సు పని మీద వచ్చిన ఒక చెల్లె పోయిన వారం అడిగిన మాట ఇది. అడుగుతూనే ఏడ్చేసింది. వాళ్ల నాన్నకు తొడ ఎముక విరిగి రాడ్ వేశారు. పదహారేళ్లు బస్సు నడిపి ఇప్పుడు నల్లగొండలో డ్రైవింగ్ నేర్పిస్తున్నా, ఈ మాట నాకు కొత్త కాదు, నెలకు ఒకరైనా అంటారు. ఆమెకు చెప్పిందే ఇక్కడా చెప్తున్నా. బండి నడిపినవాడి తప్పు ఎంతో పోలీసులు, కోర్టు తేలుస్తాయి, కానీ మీ నాన్న అతనికి అసలు కనిపించి ఉండకపోవచ్చు తల్లీ.

అపోహ: లైటు నా మీద పడుతోంది కాబట్టి డ్రైవర్‌కి నేను కనిపిస్తున్నా.

చీకట్లో నిలబడ్డ మనిషికి హెడ్‌లైట్ కిలోమీటరు అవతల నుంచే కనిపిస్తుంది. డ్రైవర్‌కి మనిషి కనిపించాలంటే ఆ వెలుతురు మనిషి మీద పడి మళ్లీ డ్రైవర్ కంటికి చేరాలి. నలుపు, ముదురు నీలం, మెరూన్ బట్టలు దాన్ని మింగేస్తాయి. డిమ్ లైట్‌లో వెళ్తుంటే నల్ల చొక్కా మనిషి 30 మీటర్ల దగ్గరికి వస్తే తప్ప కంటికి ఆనడు. 60 స్పీడులో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మనిషిని గుర్తుపట్టి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే 25 మీటర్లు అయిపోతాయి, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారు ఆగడానికి ఇంకో 20. మొత్తం 45. మనిషి కనిపించిందే 30 దగ్గర! బస్సుకూ లారీకీ ఇంకా ఎక్కువే కావాలి.

దీనికి తోడు ఎదురుగా ఇంకో బండి హైబీమ్‌తో వస్తుంటే, సగం రోడ్డు దాటి మధ్యలో ఆగిన మనిషి రెండు లైట్ల మధ్య మాయమైపోతాడు. డ్రైవర్లందరికీ ఇది అనుభవమే. రోడ్డు మధ్యలో రెండు వైపుల నుంచీ లైట్లు పడుతున్నాయి కాబట్టి ఇంకా బాగా కనిపిస్తానని అనుకుంటారు చాలామంది, అదే ప్రాణం మీదికి తెస్తుంది.

నాకు ఇది తెలిసొచ్చింది దేవరకొండ రోడ్డు మీద. డిసెంబరు, తెల్లవారుజామున ఫస్ట్ సర్వీసు, పలచగా మంచు. ముందు రోడ్డంతా ఖాళీగా ఉంది. ఉన్నట్టుండి నడుము ఎత్తులో చిన్న మెరుపు ఒకటి ఊగుతూ కనిపించింది. ఏంటో తెలియకుండానే బ్రేకు తొక్కాను, వెనక ప్యాసింజర్లు సీట్లకు గుద్దుకున్నారు. బస్సు ఆగాక చూస్తే బంపర్‌కు రెండడుగుల దూరంలో నల్ల గొంగడి కప్పుకున్న ముసలాయన. ఆ మెరిసింది ఆయన చేతిలోని స్టీలు పాలక్యాను. మనిషి నాకు కనిపించనే లేదు. వణుకుతూ కిందికి దిగితే ఆయన నింపాదిగా, "నీ లైటు నా మీదనే ఉండె గద బిడ్డా, కనవడలేదా?" అన్నాడు.

ఇప్పుడు నా స్టూడెంట్లందరికీ చీకటి పడ్డాక గ్రౌండ్‌లో ఇది చూపిస్తా. ఒకడు నల్ల చొక్కాతో దూరంగా నిలబడి "సార్, బండి కనిపిస్తోంది" అని ఎప్పుడో అరుస్తాడు, సీట్లో కూర్చున్నవాడు "మనిషి కనిపించాడు" అనేసరికి బండి వాడి దగ్గరికి వచ్చేసి ఉంటుంది. తెల్ల చొక్కా వేసుకుంటే చాలా ముందే కనిపిస్తాడు. రేడియం స్టిక్కర్ ముక్క చేతికి చుట్టుకుంటే 100 మీటర్ల అవతల నుంచే తెలుస్తుంది. మాల వేసుకుని చీకటితోనే గుడికి నడిచే అయ్యప్ప స్వాములు, అమావాస్య రాత్రి చెర్వుగట్టు గుడికి నడిచిపోయేవాళ్లు, ట్యూషన్ నుంచి చీకట్లో వచ్చే పిల్లల కోసం టెన్షన్ పడే అమ్మలు దయచేసి ఇది చేయండి. రేడియం దొరక్కపోతే ఫోన్ టార్చ్ వేసి కాళ్ల దగ్గరికి కొట్టుకుంటూ నడవండి, ఊగే వెలుతురు వెంటనే కంట్లో పడుతుంది.

ఇదంతా డ్రైవర్లను వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. 30 స్పీడులో ఉంటే బండి మొత్తం 18 మీటర్లలో ఆగుతుంది, ఊళ్లోకి రాగానే స్పీడు దించమని నేను రోజూ గొంతు చించుకునేది అందుకే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు.

మిగతావి గబగబా చెప్తా. డ్రైవర్ డిప్పర్ కొడితే, అంటే హెడ్‌లైట్ టపటపా మెరిపిస్తే, "దాటు" అని సైగ చేశాడనుకుంటారు, మన దగ్గర ఎక్కువమంది "నేను ఆగట్లేదు, ఆగు" అని కొడతారు. బస్సు దిగి దాని ముందు నుంచే దాటకండి, అద్దం కింద మీరు డ్రైవర్‌కి కనిపించరు, పక్కనుంచి ఓవర్‌టేక్ చేసే బైకు మీకు కనిపించదు. ఫుట్‌పాత్ లేనిచోట ఎడమ వైపు కాదు, కుడి వైపు నడవండి, వచ్చే బండి ఎదురుగా ఉంటుంది. క్లాక్ టవర్ దగ్గర చెయ్యి చాపి పరుగెత్తేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది, చేతికి బ్రేకు వేసే శక్తి లేదు. దెబ్బ తగిలినవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్తే కేసులో ఇరుక్కుంటామన్నది పాత పుకారు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు, సాయం చేసినవాళ్లు పేరు కూడా చెప్పనక్కర్లేదు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు పరిహారం ఉంది, అప్లై చేసుకోండి.

ఆ ముసలాయన క్యానుకు తర్వాతి వారం నేనే ఎర్ర రేడియం టేపు చుట్టి ఇచ్చా. ఆ చలికాలమంతా ఫస్ట్ సర్వీసులో ఆ మలుపు దగ్గరికి రాగానే దూరంగా ఎర్రగా ఊగుతూ కనిపించేది, నేను అక్కడి నుంచే కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేవాణ్ణి.