వయ్యారిభామ పురుగు మీద పడ్డ పొద్దుతిరుగుడు మచ్చ

తొలకరి వానలు పడ్డ కొన్నాళ్లకే రోడ్ల పక్కన, చేల గట్ల మీద, ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ నడుమెత్తు లేస్తుంది. అందులో కొన్నిచోట్ల మొక్కలు ఒక్క ఆకూ లేకుండా ఈనెలతో నిలబడి కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి చూస్తే తెల్లటి వీపు మీద ముదురు గోధుమరంగు వంకర చారలున్న చిన్న పెంకుపురుగులు ఉంటాయి. శాస్త్రీయ నామం జైగోగ్రామా బైకలరేటా. వ్యవసాయ శాఖలో మెక్సికన్ బీటిల్ అంటారు.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతటా పార్థీనియం అవగాహన వారం జరుగుతుంది. జబల్పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ నడిపించే కార్యక్రమం ఇది. పార్థీనియం అంటే మన వయ్యారిభామే. ఈ పురుగును డబ్బాల్లో పంచి, కలుపు మీద వదలమని చెబుతారు. అప్పుడు రైతుల నుంచి సహజంగా వచ్చే ప్రశ్న ఒకటుంది: "కలుపంతా తిన్నాక ఇది మా చేను మీద పడదా?" మెట్ట ప్రాంతంలోనైతే ఇంకాస్త సూటిగా, "ఇది పొద్దుతిరుగుడు తింటుందటగా?" అంటారు. ఈ అనుమానం గాల్లోంచి ఊడిపడలేదు. ముప్పై ఏళ్ల కిందట కర్ణాటకలో జరిగిన పెద్ద గొడవ తాలూకు మిగులు ఇది. ఆ గొడవ అర్థం కావాలంటే ముందు పురుగు ఎవరో, దాని చుట్టాలెవరో తెలియాలి.

దీని సొంతూరు మెక్సికో. ఆకులు తినే పెంకుపురుగుల కుటుంబం, అంటే క్రైసోమెలిడే. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో పనిచేసిన జాన్ పాలిస్టర్ 1953లో మెక్సికో ఆకు పెంకుపురుగుల మీద రాసిన నివేదికలో దీనికి పేరు పెట్టాడు. జైగోగ్రామా అనే ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాల గుంపులో, వంద దాకా జాతులున్నాయి, అన్నీ అమెరికా ఖండాలవే. మన దేశంలో సహజంగా పుట్టింది ఒక్కటీ లేదు. కాబట్టి ఇక్కడ ఆ రూపంలో ఏది కనిపించినా బయటినుంచి తెచ్చిందే అయ్యుండాలి.

పొడవు 6 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. తల, మెడ భాగం గోధుమ రంగు. రెక్కల మీది తొడుగులు మీగడ తెలుపు. వాటి మీద నిలువుగా పాకే చారలు తిన్నగా ఉండవు, వంకర్లు తిరుగుతాయి. గుడ్లు చిన్నవి, పసుపు రంగువి. ఆకుల అడుగున ఒంటరిగానో, కొద్దిపాటి గుంపులుగానో పెడుతుంది. లార్వాలు మొదట పసుపుగా ఉండి ఎదిగేకొద్దీ పాలిపోతాయి. లేత చిగుళ్ల మీదా మొగ్గల దగ్గరా మొదలుపెట్టి కిందికి తింటూ వస్తాయి. ఎదిగాక నేలలోకి దిగి ప్యూపాగా మారతాయి. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా సుమారు నెల.

మన రైతులు దీన్ని ఎక్కువగా అక్షింతల పురుగుతో కలగలుపుతారు. అక్షింతల పురుగుకు వీపు గుండ్రం, మీసాలు పొట్టి, ఒంటి మీద చుక్కలు. దీనికి చుక్కలు కావు, చారలు. మీసాలూ కాస్త పొడుగు. అయినా అక్షింతల పురుగు అన్న పేరే మన దగ్గర పెద్ద తికమక. పేనుబంకను తిని మేలు చేసేదాన్నీ, వంగ ఆకులు గీకి తినేదాన్నీ ఒకే పేరుతో పిలుస్తాం. పేరు చూసి మందు కొట్టే అలవాటున్నచోట ఇది చిన్న విషయం కాదు.

అసలు చిక్కు అక్షింతల పురుగుతో కాదు, సొంత చుట్టాలతో. ఉత్తర అమెరికాలో ఇదే ప్రజాతికి చెందిన జైగోగ్రామా ఎక్స్‌క్లమేషనిస్ అనే పురుగు ఉంది. దాని రెక్క తొడుగుల మీద నిలువు చారలు, పక్కన ఒక పొట్టి చార, దాని కింద చుక్క ఉంటాయి. అచ్చం ఆశ్చర్యార్థక చిహ్నంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. నార్త్ డకోటా, కెనడాలోని మానిటోబా ప్రాంతాల్లో అది పొద్దుతిరుగుడుకు పేరుమోసిన పురుగు. అక్కడ దాన్ని సన్‌ఫ్లవర్ బీటిల్ అనే అంటారు. ఇంకో చుట్టం జైగోగ్రామా సూచురాలిస్, ర్యాగ్‌వీడ్ అనే కలుపును తింటుంది. దాన్ని సోవియట్ శాస్త్రవేత్తలు 1978లోనే తీసుకెళ్లి స్టావ్రోపోల్ ప్రాంతంలో వదిలారు. అంటే ఒకే ప్రజాతిలో ఒకటి పంటకు శత్రువు, ఇంకో రెండు కలుపుకు శత్రువులు. మూడూ చూడ్డానికి పోలికగలవే. బంగాళదుంపను పాడుచేసే కొలరాడో బీటిల్ కూడా చారలదే, కానీ అది దాదాపు 10 మిల్లీమీటర్లుండే పెద్ద పురుగు, రెండు తొడుగుల మీద కలిపి పది చారలు ఉంటాయి. జైగోగ్రామా ప్రజాతిని పట్టుకోవాలంటే కాలి కొసన గోళ్లు చూడాలి. రెండు గోళ్లూ మొదట్లో కలిసి, సమాంతరంగా సాగుతాయి. ఇందుకు భూతద్దం కావాలి. చేలో నిలబడి చెప్పగలిగేది కాదు.

ఇక వయ్యారిభామ విషయానికొస్తే, దాన్ని 1955లో పుణెలో గుర్తించారు. మరుసటి ఏడాది వృక్షశాస్త్రవేత్త ఆర్.ఎస్. రావు ఆ సంగతి ప్రచురించాక అది దేశం దృష్టిలో పడింది. పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం పథకం కింద వచ్చిన గోధుమలతో వచ్చిందన్నది అందరూ చెప్పే మాట. ఒక్క మొక్క 15 వేల నుంచి 25 వేల దాకా విత్తనాలు రాలుస్తుంది. తాకితే దురద, దద్దుర్లు; పుప్పొడి పీలిస్తే కొందరికి ఆయాసం. 1975లో కర్ణాటక దీన్ని చట్టం కింద హానికర కలుపుగా ప్రకటించింది. పీకడం, కాల్చడం, మందు కొట్టడం అన్నీ చేశారు. కలుపు మాత్రం తన దారిన తాను పోయింది.

1983లో బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ మెక్సికో నుంచి మూడు కీటకాలను తెప్పించింది. ఒకటి కాండంలో బుడిపెలు పుట్టించే ఎపిబ్లెమా అనే రెక్కలపురుగు, రెండోది విత్తనాలు తినే ముక్కుపురుగు, మూడోది మన చారల పెంకుపురుగు. ముక్కుపురుగు ఇక్కడ పెంపకానికి లొంగలేదు. ఎపిబ్లెమా చక్కగా పెరిగింది, కానీ పరీక్షల్లో నూనెగింజ పంట అయిన వలిసెల మొక్క మీద కూడా పూర్తి జీవితచక్రం గడిపేసింది. అంతే, ఆ సంతతినంతా నాశనం చేశారు. అరకులో శీతాకాలం పసుపుపచ్చగా పరుచుకునే వలిసె పూల తోటలు గుర్తొస్తే ఆ నిర్ణయం విలువ తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో వలిసెల గురించి ఆ చింత లేదు. అక్కడ అదే ఎపిబ్లెమాను 1982లో వదిలితే బాగా పనిచేసింది. ఒకచోట మందు, ఇంకోచోట విషం.

మిగిలింది చారల పురుగు. దాని ముందు 27 కుటుంబాలకు చెందిన 40 రకాల మొక్కలు పెట్టి చూశారు. వయ్యారిభామ మీద తప్ప తరం సాగించలేదని తేలాక 1984లో బెంగళూరు చుట్టుపక్కల వదిలారు. మూడు నాలుగేళ్లు చడీచప్పుడూ లేదు. 1988కల్లా ఒక్కసారిగా గుంపులు కట్టింది. ఎకరాలకెకరాల కలుపు మోడుబారింది. పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ మెప్పు మూడేళ్లు కూడా నిలవలేదు.

1991 ప్రాంతంలో ఈ పురుగులు కర్ణాటకలోని పొద్దుతిరుగుడు చేలల్లో ఆకులు కొరుకుతూ కనిపించాయి. ఆ రోజుల సంగతి తెలిస్తేగాని ఈ కబురుకు ఎందుకంత టెన్షన్ పడ్డారో అర్థం కాదు. పొద్దుతిరుగుడు వాణిజ్య రకాలు మనకు 1969లో రష్యా నుంచి వచ్చాయి. వంట నూనెల దిగుమతి తగ్గించాలని కేంద్రం 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలుపెట్టింది. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర మెట్ట పొలాల్లో ఈ పంట అప్పుడే ఊపందుకుంది. సరిగ్గా ఆ సమయంలో, ప్రభుత్వ సంస్థే విదేశం నుంచి తెచ్చి వదిలిన పురుగు ప్రభుత్వమే పెంచమన్న పంటను తింటోందన్న మాట వచ్చింది. తమాషా ఏమిటంటే వయ్యారిభామ, దాన్ని తినే పురుగు, పొద్దుతిరుగుడు మూడింటి పుట్టిల్లూ అమెరికా ఖండమే. పైగా వయ్యారిభామ, పొద్దుతిరుగుడు ఒకే కుటుంబం మొక్కలు.

శాస్త్రవేత్తలు రెండు వర్గాలైపోయారు. తెచ్చిన సంస్థ వాళ్లు పరీక్షలు సరిగానే చేశామన్నారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం వైపు నుంచి, చేలో కళ్లారా చూస్తున్నదాన్ని కాదంటారా అన్న ప్రశ్న వచ్చింది. పేరు మీద కూడా చిక్కు వచ్చింది. 1994లో ఒక నూనెగింజల పరిశోధన పత్రికలో వచ్చిన వ్యాసం, పొద్దుతిరుగుడు తింటున్న పురుగును బైకలరేటా అనలేదు, జైగోగ్రామా కంజంక్టా అంది. అది అదే ప్రజాతిలో మరో ఉత్తర అమెరికా జాతి. పేరు మారితే కథంతా మారిపోతుంది. తెచ్చింది ఒకటి, తిరుగుతున్నది ఇంకొకటి అయితే, 40 మొక్కల మీద చేసిన పరీక్షలకు విలువేముంది? దేశంలో ఆ ప్రజాతి మ్యూజియం నమూనాలను చూసినవాళ్లే అరుదు. అలాంటప్పుడు ఇలాంటి సందేహం ఎంత దూరమైనా పాకుతుంది. చివరికి నిలిచిన పేరు బైకలరేటానే.

కేంద్రం నిజనిర్ధారణ కమిటీ వేసింది, కొత్తగా పురుగులు వదలడం ఆపించింది. తర్వాత కొన్నేళ్లు బెంగళూరులోనూ ఇతర చోట్లా ప్రయోగాలు జరిగాయి. వాటిలో తేలిన ముఖ్య విషయం పుప్పొడి. పొద్దుతిరుగుడు చేను పక్కనే పూతకొచ్చిన వయ్యారిభామ ఉంటే, ఆ పుప్పొడి గాలికి ఎగిరి పొద్దుతిరుగుడు ఆకుల మీద పడుతుంది. ఆ వాసన, రుచి తగిలిన పురుగు అది తన మొక్కే అనుకుని కొరుకుతుంది. పుప్పొడి అద్దిన ఆకుల మీద తినడం పెరిగింది. పుప్పొడి లేని ఆకుల మీద పెద్దగా ఆసక్తి చూపలేదు. పొద్దుతిరుగుడు మీదే పెంచి చూసినప్పుడు సంతానం అంతంత మాత్రంగానే ఉంది. గుంపు పెరిగి వయ్యారిభామ మొత్తం ఖాళీ అయినప్పుడు, ఆకలి మీదున్న పురుగులు పక్క చేలోకి కొద్దిరోజులు వస్తాయి తప్ప అక్కడ కాపురం పెట్టవన్నది సారాంశం. ఆ తర్వాత ఆంక్ష ఎత్తేశారు.

నా దృష్టిలో అప్పుడు అనుమానించినవాళ్లది తొందరపాటేమీ కాదు. అమెరికాలో సొంత చుట్టమే పొద్దుతిరుగుడును తింటున్నప్పుడు అనుమానించడమే సరైన పని. లోపం ఎక్కడంటే, బోనులో విడివిడి మొక్కలు పెట్టి చేసే పరీక్షకు పుప్పొడి ఎగిరే చేను అందలేదు. దాన్ని ఒప్పుకోవడం మానేసి ఇరుపక్షాలూ పంతానికి పోవడంతో, 'మచ్చ పోయింది' అన్న కబురు 'మచ్చ పడింది' అన్న కబురంత వేగంగా ఊళ్లకు చేరలేదు.

అదే పుప్పొడి తర్వాత ఇంకో రూపంలో దెబ్బతీసింది, అదీ మన దగ్గరే. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో పొద్దుతిరుగుడుకు నెక్రోసిస్ తెగులు కనిపించింది. పొగాకు చార వైరస్ దానికి కారణమని తేల్చారు. 2000 ఖరీఫ్‌లో అదే వైరస్ అనంతపురం వేరుశనగను కాండం కుళ్లు తెగులు రూపంలో పట్టుకుంది. దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలకు పైమాటేనని అంచనా వేశారు. ఈ వైరస్‌కు వయ్యారిభామే ఆశ్రయం. తన మీద ఏ లక్షణమూ చూపించదు, పుప్పొడిలో మాత్రం దాచి పంపుతుంది. ఆ పుప్పొడి ఆకుల మీద పడ్డాక, తామర పురుగులు గీరిన గాట్ల గుండా వైరస్ లోపలికి పోతుంది. పొద్దుతిరుగుడు రైతు భయపడాల్సింది గట్టు మీది పురుగుకు కాదు, గట్టు మీది పువ్వుకు. చారల పురుగు ఆ పువ్వు రాకముందే మొక్కను తినేస్తే ఆ మేరకు పంటకు మేలే.

ఈలోగా పురుగు తన పటం తానే గీసుకుంది. ప్రభుత్వం ఆంక్ష పెట్టినా, తీసినా రెక్కలున్నది ఆగదు. ఎవరూ వదలకుండానే 2003లో పాకిస్తాన్‌లో, 2009లో నేపాల్‌లోని హెటౌడాలో కనిపించింది. ఆస్ట్రేలియా మనకంటే ముందే, 1980లో క్వీన్స్‌లాండ్‌లో వదిలింది. అక్కడ పదేళ్లకు పైగా ఉలుకూ పలుకూ లేదు. 1990ల మొదట్లో గానీ గుంపులు కట్టలేదు. దక్షిణాఫ్రికా 2013లో, ఇథియోపియా 2016లో వదిలాయి. ఇథియోపియాలో వలిసెలు ముఖ్యమైన నూనెగింజ పంట కావడంతో ముందుగా ఆ మొక్క మీద పరీక్షించి చూసుకున్నారు.

మన ఎండలకు మాత్రం దీనికి హద్దుంది. వానాకాలం ముగిసి నేల ఆరగానే పెద్ద పురుగులు మట్టిలోకి దిగి నిద్రపోతాయి, మళ్లీ తొలకరికే పైకొస్తాయి. వయ్యారిభామకు అలాంటి సెలవు లేదు, కాస్త తడి దొరికితే ఏ నెలలోనైనా మొలుస్తుంది. తిన్న మొక్క కూడా చివుర్లు వేసి మళ్లీ పూస్తుంది. అందుకే అవగాహన వారంలో పంచే డబ్బాతో ఊళ్లో కలుపు పోతుందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. పురుగు నిద్రలేచి గుంపుకట్టే లోపు ఎత్తు పెరిగిన మొక్కను చేతితోనే పీకాలి, చేతికి తొడుగు వేసుకుని, పూతకు ముందే.

పొద్దుతిరుగుడు ఆకు మీద చారల పురుగు కనిపించినప్పుడు చూడాల్సింది దాన్ని కాదు. ఆకు తిప్పి అడుగున పసుపు గుడ్లున్నాయా, చిగుళ్లలో లార్వాలున్నాయా చూడాలి. లేకపోతే అది దారితప్పి వచ్చిన పురుగు, మందు డబ్బు దండగ. గుడ్లూ లార్వాలూ కూడా కనిపిస్తే నాలుగు పురుగుల్ని సీసాలో వేసి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లాలి. కాలి గోళ్లు చూడగలిగే భూతద్దం అక్కడ ఉంటుంది.