వావిలాకు మూటలో ఏముంది?

చలికాలం మొదలైతే మా ఇంట్లో సాయంత్రాలు వావిలాకు వాసనే. పెనం మీద చెంచాడు ఆముదం, అందులో గుప్పెడు ఆకు. చిటపటమంటూ వాడిపోయాక పాత నూలు చీర ముక్కలో మూటగట్టి అమ్మ మోకాళ్ల మీద కాపడం పెడతాను. పది నిమిషాలకు ఆమె ముఖంలో బిగువు సడలుతుంది. "చాల్లే, ఇక మెట్లు దిగుతా" అంటుంది. ఆ ఉపశమనం ఎక్కణ్ణుంచి వస్తోంది? ఆకు నుంచా, వేడి నుంచా? చాలాకాలం నేను దీని గురించి ఆలోచించనేలేదు.

వావిలి మనకు కొత్త కాదు. తెలంగాణలో వాయిలాకు అంటారు. చెరువు గట్ల మీద, కాలవ ఒడ్డున దానంతటదే పెరుగుతుంది. పశువులు పెద్దగా ముట్టవు కాబట్టి పొలానికి కంచెగానూ పనికొస్తుంది. కాడకు అరచేతి వేళ్లలా ఐదు ఆకులుంటాయి, కొన్నిటికి మూడే. పైన ముదురు పచ్చ, తిప్పి చూస్తే బూడిద పూసినట్టు తెల్లగా ఉంటుంది. వినాయక చవితి పత్రిలో సింధువార పత్రం ఇదే. బాలింత స్నానానికి నీళ్లలో వేసి కాచేదీ ఇదే.

ఈ ఆకు మీద పరిశోధనలు చాలానే జరిగాయి. 2003లో శ్రీలంక శాస్త్రవేత్తలు ముదురు ఆకుల రసాన్ని ఎలుకలకు తాగించి చూశారు. వాటి పాదాల వాపు, నొప్పి రెండూ తగ్గాయి. ఆకులోని పదార్థాలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీకి అడ్డుపడుతున్నాయని వాళ్లు భావించారు. దెబ్బ తగిలిన చోట మన కణాలు తయారుచేసే రసాయనాలు ఈ ప్రోస్టాగ్లాండిన్లు. ఇవి నరాల కొసలను ఎంతగా రెచ్చగొడతాయంటే, మామూలుగా తాకినా ప్రాణం పోయినట్టుంటుంది. ఆస్పిరిన్ పనిచేసేది వీటి తయారీని ఆపడం వల్లేనని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ నిరూపించారు. 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది కూడా.

అయితే ఒక్క మాట. ఎలుకలు రసం తాగాయి, అమ్మ మూటతో కాపడం పెట్టించుకుంటోంది. చర్మాన్ని దాటి, కొవ్వును దాటి, కీలు దాకా ఆకులోని మందు ఎంత చేరుతుంది? పది నిమిషాల్లో కలిగే హాయికి అసలు కారణం వేడి, ఆ మూటను అద్దే చెయ్యి అని నా నమ్మకం. వెచ్చదనానికి రక్తనాళాలు వెడల్పవుతాయి, బిగుసుకున్న కండరం వదులవుతుంది. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో మరో సంగతి చెప్పారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుందని, తాకిడి కబురు బలంగా వస్తే నొప్పి కబురుకు దారి ఇరుకవుతుందని. మోచెయ్యి గుమ్మానికి తగిలితే మనం వెంటనే రుద్దుకునేది అందుకే.

అలాగని మొక్కల్లో మందే లేదని కాదు. పంటి నొప్పికి బుగ్గన పెట్టుకునే లవంగం సంగతే చూడండి. అందులోని యూజినాల్ చిగుళ్లను నిజంగానే మొద్దుబారుస్తుంది. 2006లో కువైట్‌లో 73 మంది మీద పరీక్షించినప్పుడు, లవంగం పూత దంతవైద్యులు వాడే బెంజోకెయిన్ పూతకు దీటుగా నిలిచింది.

ఇక మిరపకాయ. మనం నాలుక మీది కారాన్నీ, చేతి మీద పడ్డ నిప్పునీ ఒకే మాటతో చెబుతాం: మంట. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది అచ్చంగా అదే. నొప్పిని మోసే నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ఒక ద్వారం ఉంది. వేడి సుమారు 43 డిగ్రీలు దాటినా అది తెరుచుకుంటుంది, మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. మెదడుకు రెండూ ఒకటే. ఆ ద్వారాన్ని పదే పదే తడితే నరం కొస అలిసిపోయి నొప్పిని పంపడం మానేస్తుంది. మోకాళ్ల నొప్పులకు క్యాప్సైసిన్ పూతలు వచ్చింది ఈ కిటుకుతోనే. 2021లో జూలియస్ నోబెల్ అందుకున్నారు.

నాకు భయం వేసేది ఆకుల గురించి కాదు, పొట్లాల గురించి. మా వీధిలో ఒక పెద్దాయన పేరూ ఊరూ లేని మూలికల పొడి తెచ్చుకున్నారు. వారంలో నొప్పులు మాయం. రెండు నెలలకు ముఖం ఉబ్బింది, షుగర్ అదుపు తప్పింది. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం ఎన్నోసార్లు బయటపడింది. అలవాటైన ఒంటికి దాన్ని ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే. అందుకే పొట్లం చేత్తో పట్టుకుని డాక్టర్‌కు చూపించాలి. కీళ్ల మందు మరీ త్వరగా పనిచేస్తోందంటే సంతోషించకండి, అనుమానించండి. జిల్లేడు ఆకు కాపడం పెట్టేవాళ్లకూ ఒక మాట: దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆకు కోసిన చేత్తో కన్ను నలపకండి.

అమ్మకు షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది. పోయినేడు కాపడం పెడుతుంటే మోకాలు దిగి పాదం దాకా వెళ్లాను. "కాలుతోందా?" అంటే "లేదు, ఇంకాస్త వేడి చెయ్యి" అంది. తెల్లారేసరికి పాదం మీద రూపాయి బిళ్లంత బొబ్బ. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే ముందు దెబ్బతినేది పాదాల్లోని ఆ సన్నని నరాలే, వేడిని పసిగట్టి "చాలు" అని అరిచే నరాలే. అమ్మ అబద్ధం చెప్పలేదు, ఆమెకు నిజంగానే తెలియలేదు. అప్పట్నుంచి పాదాలకు కాపడం మానేశాం. మోకాళ్లకు పెట్టేటప్పుడు కూడా మూటను ముందు నా మణికట్టు లోపలి వైపు ఆనించి, పది లెక్కపెట్టి, ఆ తర్వాతే అమ్మ దగ్గరికి తీసుకెళుతున్నాను.