మెల్విన్ సరస్సు ట్రౌట్ చేపలు: అపోహలు – వాస్తవాలు

ఉత్తర ఐర్లాండులోని ఫెర్మానా కౌంటీలో, మెల్విన్ సరస్సు ఒడ్డున గ్యారిసన్ అనే చిన్న ఊరుంది. సరిహద్దు రేఖ సరస్సు గుండానే పోతుంది కనుక, నీటిలో ఎక్కువ భాగం ఐర్లాండ్ గణతంత్రంలోని లీట్రిమ్ కౌంటీకి చెందుతుంది. చేపల జన్యుశాస్త్రం బోధించే నాకు ఈ సరస్సుకు మించిన పాఠం దొరకలేదు. దాని గురించి తరచుగా వినబడే పొరపాటు మాటలను ఇక్కడ సరిచేస్తున్నాను.

అపోహ: ఈ సరస్సులో ఉండే గిల్లరూ, సోనహన్, ఫెరాక్స్ అనే మూడు రకాల చేపలు, ఒకే ట్రౌట్ (చల్లని నీటిలో బతికే చేప) తిండిని బట్టి మార్చుకున్న రూపాలు.

వాస్తవం: తిండిలో తేడా నిజమే. బంగారు ఛాయ మీద ఎర్రని చుక్కలున్న గిల్లరూ అడుగున నత్తలను ఏరుకుని తింటుంది. నల్లని రెక్కల సోనహన్ నడినీటిలో జంతుప్లవకాలపై (నీటిలో తేలాడే అతిచిన్న జీవులపై) బతుకుతుంది. ఫెరాక్స్ ఇతర చేపలను వేటాడి బాగా పెద్దదవుతుంది. అయితే బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ ఫెర్గూసన్, ఆయన సహచరులు జరిపిన పరిశోధనలో ఈ మూడూ జన్యుపరంగానే వేరని తేలింది. ఒకే నీటిలో ఈదే చేపలు కలిసిపోకుండా ఎలా ఉన్నాయంటే, అవి గుడ్లు పెట్టే చోట్లు వేరు, పుట్టిన చోటికే తిరిగి వెళ్లే అలవాటు బలమైనది. గిల్లరూ ప్రధానంగా సరస్సు నుంచి బయటికి పారే డ్రోస్ నదిని, సోనహన్ లోపలికి వచ్చే చిన్న వాగులను, ఫెరాక్స్ గ్లెనానిఫ్ నది దిగువన లోతైన భాగాన్ని ఎంచుకుంటాయి. వీటిని వేర్వేరు జాతులనాలా, ఒకే జాతిలోని జనాభాలనాలా అన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది. నా దృష్టిలో, సంరక్షణకు ఆ తీర్పు కోసం ఆగనక్కరలేదు.

అపోహ: గిల్లరూకు కోడికి ఉన్నట్టు కందనకాయ ఉంటుంది.

వాస్తవం: లేదు. దాని జీర్ణకోశపు కండర గోడ మందంగా ఉంటుంది, అంతే. ఈ విషయం 1774 నాటికే శరీరనిర్మాణ శాస్త్రవేత్త జాన్ హంటర్ పరిశీలనకు వచ్చింది.

అపోహ: ఈ తీరానికి చేపలవేట తప్ప చరిత్ర లేదు.

వాస్తవం: 1588లో స్లైగో తీరంలో ఓడ పగిలి బయటపడ్డ స్పానిష్ నౌకాదళ కెప్టెన్ ఫ్రాన్సిస్కో డి కువెల్యార్, లీట్రిమ్ వైపు ఈ సరస్సులోనే ఉన్న రాస్‌క్లాహర్ కోటలో తలదాచుకున్నాడు. స్థానిక నాయకుడు మెక్‌క్లాన్సీ తన జనంతో కొండలకు వెళ్లిపోగా, కొద్దిమంది స్పానిష్ సహచరులతో ఆంగ్ల సైన్యపు ముట్టడిని తట్టుకుని నిలిచానని ఆయన 1589లో రాసిన లేఖలో చెప్పాడు.

అపోహ: చేపలు తగ్గితే హేచరీ పిల్లలను వదిలితే సరిపోతుంది.

వాస్తవం: చెరువులో ఏటా చేపపిల్లను వదలడం చూసిన మన ఆంధ్ర రైతులకు ఇది సహజంగానే తోస్తుంది, కానీ అక్కడ లక్ష్యం దిగుబడి, ఇక్కడ వంశాన్ని నిలపడం. బయటి ట్రౌట్ వీటితో జతకడితే, మంచుయుగం తరువాత వేల ఏళ్లుగా వేరుపడి నిలిచిన లక్షణాలు పలచబడతాయి, వాటిని తిరిగి తేలేము. చేయవలసిన పని వాగుల వద్ద ఉంది: గుడ్లు పెట్టే గులకరాళ్ల మధ్య ఒండ్రు పేరుకుంటే గుడ్లకు ఆక్సిజన్ అందదు, పొలాల నుంచి, ఇళ్ల నుంచి ఫాస్ఫరస్ చేరితే నాచు పెరిగి నీరు పాడవుతుంది. పరీవాహక ప్రాంతం సరిహద్దుకు రెండు వైపులా ఉన్నందున, ఒక ప్రభుత్వం తన వైపు వాగులను మాత్రమే కాపాడితే ఈ మూడింటిలో ఏదో ఒకటి నష్టపోతుంది.